కుర్చీకి ఎనిమిది భోజనాలు

రిటైరై నాలుగు నెలలైంది. నిన్న పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా ఎన్నిసార్లు కూర్చున్నచోటి నుంచి లేచానో లెక్కపెట్టుకున్నాను. నలభై మూడు సార్లు. పని ఉండి లేచింది పదకొండు సార్లు. మిగతా ముప్పై రెండు సార్లు ఎందుకు లేచానో నాకే తెలియదు. కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. ఫ్రిజ్ తలుపు తీశాను, వేశాను. మా ఆయన ఫోన్లోంచి తలెత్తి, "కాసేపు ఒక్కచోట కూర్చోవే తల్లీ, చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు.

ఇలాంటి మనిషి పదకొండేళ్ళు కుర్చీలతో పనిచేసింది. మెల్బోర్న్ చివర కేరమ్ డౌన్స్‌లో, పారిశ్రామిక వాడలో, ఒక షెడ్డు. బ్రెజిల్‌లో డిజైనర్లు గీసి, అక్కడి వడ్రంగులు చేసిన కుర్చీలు, బల్లలు, సోఫాలు కంటైనర్లలో అక్కడికి వచ్చేవి. ముదురు చెక్క, మందపాటి తోలు, పేము అల్లిక. ప్రతి వస్తువునీ విప్పి, తిప్పి చూసి, కొన్నవాళ్ళ ఇంటికి పంపవచ్చా, ఆపాలా అని తేల్చడం నా పని. ఈ పని నాకెవరూ నేర్పలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది. గుడివాడ నుంచి ఇక్కడికి వచ్చాక పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఇంట్లోనే ఉన్నాను. నలభై అయిదో ఏట పెట్టెలు విప్పే కూలిపనికి చేరాను. మిగతాదంతా గళ్ళ నోటుబుక్కుల్లో నేను రాసుకుంటూ నేర్చుకున్నదే.

ఈమధ్య మనవాళ్ళ పిల్లలు కొందరు ఇలాంటి షెడ్లలో చేరుతున్నారు. "ఆంటీ, ఆ జాబ్‌లో అసలు ఏం చూడాలి?" అని ఫోన్లో అడుగుతున్నారు. ఫోన్లో చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను. మధ్యలో లేచి తిరుగుతాను, మాట తప్పిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. అవి మీకు పనికిరావు.

అందం మీ పని కాదు

ముందు ఒక మాట. ఆ కుర్చీలు చాలా బాగుంటాయి. మొదటి నెలంతా నేను వాటిని చూస్తూ నిలబడిపోయేదాన్ని. పెద్ద బానపొట్ట ఆసామి వెనక్కి వాలినట్టుండే సోఫా ఒకటి వచ్చేది. దాన్ని చూస్తే నవ్వొచ్చేది, వెంటనే వెళ్ళి అందులో పడుకోవాలనిపించేది. కానీ అందానికి మార్కులు వేయడం మీ పని కాదు. అది గీసినవాళ్ళు చూసుకున్నారు.

మీరు చూడాల్సింది చెక్క, తోలు, పేము ఒకదానితో ఒకటి ఎలా సర్దుకుంటున్నాయో. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. తోలు వాడేకొద్దీ సాగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. పేమును తడిపి అల్లుతారు, ఆరాక బిగుస్తుంది, గాలిలో తేమ పెరిగితే మళ్ళీ కొంచెం వదులవుతుంది. ఈ మూడింటినీ ఒకే చట్రానికి కట్టి, సముద్రం మీద వారాల తరబడి తిప్పి, మెల్బోర్న్ లాంటి ఊళ్ళో దింపుతారు. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం ఫ్యాను అవసరమయ్యే ఊరు ఇది.

నేను మొదట సొంతంగా కొనుక్కున్నది తేమ మీటరు. రెండు సూదులు చెక్కకి గుచ్చితే ఎంత తేమ ఉందో అంకె చూపిస్తుంది. ప్రతి కుర్చీకీ నాలుగు చోట్ల గుచ్చి రాసుకునేదాన్ని. అంకె రాస్తుంటే మనసు కాస్త కుదుటపడేది. ఆ కుదుటపడటమే తర్వాత నన్ను దెబ్బతీసింది. అది ముందు ముందు వస్తుంది.

పొట్ట తోలు

చిన్న తప్పు ముందు చెబుతాను. చెక్క చట్రం మీద జోలెలా వేలాడే తోలు సీటు కుర్చీలు ఆరు వచ్చాయి. మందం కొలిచాను. ఆరింటికీ ఒకే అంకె. పాస్ అని రాశాను. ఒక్క వేసవి గడిచేసరికి అందులో రెండు నేలకి నాలుగు వేళ్ళ దూరం దాకా సాగిపోయాయి. కూర్చున్నవాళ్ళు లేవడానికి చేయి అందించాల్సి వచ్చింది.

పేము అల్లే లూర్దెస్ ఆ తోలును వేళ్ళతో నలిపి చూసి, "ఇది పొట్ట" అంది. లూర్దెస్ దక్షిణ బ్రెజిల్‌లో చిన్న ఊరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం కాబట్టి ఆమె మాటలు తెలుగులోనే రాస్తున్నాను. "వీపు తోలు సాగదు. పొట్ట తోలు సాగుతుంది. ఆవు కూడా అంతే, నువ్వూ అంతే" అని నా నడుం వైపు చూసి నవ్వింది.

అప్పటి నుంచి తోలును మందం కొలిచి వదిలేయలేదు. రెండు వైపులా లాగి చూసేదాన్ని. మన గుడి ఒకటి మా షెడ్డుకి దగ్గరే. శుక్రవారాలు పని కాగానే వెళ్ళేదాన్ని. అక్కడ ఒక పెద్దావిడ నా పని సంగతి విని, "రోజూ ఆవు తోలు ముట్టుకుంటావా? స్నానం చేసే వస్తున్నావా ఇక్కడికి?" అంది.

"మరి మీ చేతిలోది ఏం బ్యాగు ఆంటీ?"

"ఇదా? ఇది బ్రాండెడ్ అమ్మా."

నేను ఆ బ్యాగు పట్టుకుని అడ్డంగా ఒకసారి లాగి చూసి, "పొట్ట తోలు. రెండేళ్ళు వస్తుంది" అన్నాను. తర్వాత ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

లూర్దెస్ నియమం

పేము సీట్లు ఓడలో దెబ్బతింటాయని కొన్ని కుర్చీలు ఖాళీ చట్రాలుగా వచ్చేవి. సీటు ఇక్కడ లూర్దెస్ అల్లేది. చట్రం చుట్టూ బెజ్జాలుంటాయి. తడిపిన పేము బద్దను ఒక బెజ్జంలోంచి పైకి తీసి, ఎదుటి బెజ్జంలోకి దించి, నిలువు, అడ్డం, ఏటవాలు వరసలు వేస్తుంది. ఒక సీటుకి రెండు రోజులు. ఆమె వేళ్ళ మీద చర్మం పేముకంటే గట్టిగా ఉండేది.

అల్లిక అయిపోగానే కుర్చీ అయిపోయినట్టు కాదు. ఎనిమిది భోజనాలు కావాలి. ప్రతి కుర్చీలో షెడ్డులో ఉన్న ఎవరో ఒకరు కూర్చుని మధ్యాహ్న భోజనం చేయాలి. అలా ఎనిమిదిసార్లు. టీ లెక్కలోకి రాదు. ఎనిమిదీ అయ్యాక ఆమె కుర్చీని బోర్లించి, సీటు అడుగున ఎర్ర దారం ముడి వేసేది. ముడి పడని కుర్చీ గుమ్మం దాటేది కాదు. వాళ్ళమ్మ దగ్గర నుంచి వచ్చిన పద్ధతి అని చెప్పింది. నేను రెండు గళ్ళు గీసుకున్నాను: కుర్చీ నంబరు, భోజనాల సంఖ్య.

నేను కాళ్ళు ఊపుతాను. చిన్నప్పటి నుంచీ. మా అమ్మ నా మోకాలి మీద గరిటెతో కొట్టేది, మా అత్తగారు మొహం ముడుచుకునేది. కూర్చుంటే ముందుకి జరుగుతాను, పక్కకి ఒరుగుతాను, ఒక కాలు మడిచి పైన పెట్టుకుంటాను. షెడ్డులో మిగతావాళ్ళు విసుక్కుంటే లూర్దెస్ మాత్రం కొత్త కుర్చీ తెచ్చి నా ముందు పెట్టేది. "నువ్వు తిను. నువ్వు ఒక్క పూట కూర్చుంటే వాళ్ళు మూడు పూటలు కూర్చున్నట్టు."

ఆమెకి ఇంకో చాదస్తం ఉండేది. నిన్న కూర్చున్న కుర్చీలోనే ఇవాళ కూర్చోబోతే అరిచేది. "అది కాదు, ఇది!" సరుకు దింపడానికి వచ్చిన లారీ డ్రైవర్లను చేయి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చుకున్న మీట్ పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, అక్కడే తినిపించేది. ఎంత మర్యాదగల మనిషో అనుకునేదాన్ని.

ఇసుక

నేను చేరిన ఆరో ఏట, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ నుంచి ఆర్డరు వచ్చింది. అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న నెల్లూరు డాక్టరుగారొకరు కొత్త క్లినిక్ తెరుస్తున్నారు. వేచి ఉండే గదికి ఇరవై నాలుగు కుర్చీలు కావాలి. చెక్క చట్రం, వీపుకి తోలు పట్టీ, పేము సీటు. ఫోన్లో తెలుగు వినబడేసరికి ఆవిడ నాతోనే మాట్లాడారు.

"ప్లాస్టిక్ చెయిర్స్ చూసి చూసి విసుగొచ్చిందమ్మా. ఒంట్లో బాగోలేక వచ్చినవాళ్ళు కాసేపు మంచి కుర్చీలో కూర్చోనీ. కానీ ఒకటి చెప్పు, లాస్ట్ అవుతాయా?"

"హండ్రెడ్ పర్సెంట్ అవుతాయి డాక్టరుగారూ" అన్నాను.

లెక్క వేశాను. ఇరవై నాలుగు కుర్చీలకి ఎనిమిదేసి భోజనాలు, నూట తొంభై రెండు. షెడ్డులో అయిదుగురం. ముప్పై తొమ్మిది పనిదినాలు. సీట్లు అల్లడం అయ్యేసరికి మా చేతిలో మిగిలేవి పన్నెండు రోజులు. మా యజమాని గ్రెగ్ ఆ అంకెలు చూసి నెత్తి గోక్కున్నాడు. గ్రెగ్ మంచివాడే. ఎవరి మీదా గొంతు పెంచడు. కానీ ఆగడం అతనివల్ల కాదు, కాగితం మీద అంకె కనబడితే ఇక ప్రశ్న అడగడు. ఇలాంటి యజమానులు మీకు చాలామంది తగులుతారు. మీ అంకెను నమ్మే యజమాని దొరికితే సంతోషించకండి, భయపడండి.

నేనే ఉపాయం చెప్పాను. సీటుకి ఇరవై కిలోల ఇసుక సంచులు నాలుగు. మొత్తం ఎనభై కిలోలు. ఒక్కో సీటు మీద డెబ్బై రెండు గంటలు. పన్నెండు కుర్చీలు ఒక విడత, రెండు విడతల్లో ఆరు రోజుల్లో అంతా పూర్తి. మనిషి భోజనానికి కూర్చునేది అరగంట, ఎనిమిదిసార్లకి నాలుగు గంటలు. నాది డెబ్బై రెండు. పద్దెనిమిది రెట్లు.

"పాడ్స్, యూ లిటిల్ బ్యూటీ" అన్నాడు గ్రెగ్. పద్మ అన్న నా పేరు అతని నోట్లో అలా తిరుగుతుంది. "ఈ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టు."

లూర్దెస్ సంచుల వరసలు చూస్తూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇసుకకి పిర్రలుండవు" అంది.

"బరువుంది కదా."

"బరువుంటే? ఇసుక ఆకలితో వచ్చిందా? దాని పక్కవాడితో మాట్లాడుతుందా? లేచి కారు చూసుకుని వస్తుందా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే, ఇది లెక్క" అన్నాను. ఈ మాట ఇలాగే అన్నాను. ఎన్నేళ్ళయినా ఒక్క అక్షరం మరచిపోలేదు.

అంకెలు ముచ్చటగా వచ్చాయి. ప్రతి సీటూ నాలుగు మిల్లీమీటర్లు దిగింది, సంచులు తీసిన గంటలో మూడు పైకొచ్చింది. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు పాస్. లారీ ఎక్కిస్తూ ఒక కుర్చీని బోర్లించి చూశాను. ఎర్ర దారం లేదు. ఏ కుర్చీకీ లేదు. చూసి, మళ్ళీ నిలబెట్టి, ఎక్కించాను.

ఏడు సీట్లు

మూడు నెలలకి ఫోటోలు వచ్చాయి. ఏడు సీట్లు తెగాయి. ఏడోది తెగినప్పుడు అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. పీతలు పట్టుకుని బతికే మనిషి, కాలి పుండుకి కట్టు మార్పించుకోవడానికి వచ్చేవాడు. చట్రంలో ఇరుక్కుపోతే ఇద్దరు నర్సులు పట్టుకుని పైకి లాగారు. దెబ్బ తగల్లేదు కానీ గది నిండా జనం చూశారు.

"ఆయన టూ వీక్స్ కట్టుకి రాలేదమ్మా" అన్నారు డాక్టరుగారు ఫోన్లో. "ఎందుకు రాలేదో తెలుసా? సిగ్గుపడి. పుండు ముదిరింది. ఇప్పుడొస్తున్నాడు గానీ కూర్చోడు, గోడకి ఆనుకుని నిలబడతాడు. హండ్రెడ్ పర్సెంట్ అన్నావు కదా నువ్వు?"

తెగిన ఏడు కుర్చీల నంబర్లు అడిగి రాసుకున్నాను.

గ్రెగ్ నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. అతనెప్పుడూ తలుపు వేయడు.

"చట్రం మంచి కార్ఖానాది. నీ పరీక్షలో పాసైంది. ఇక మిగిలింది చేతి అల్లిక. చేతి పని అన్నాక ఒకేలా ఉండదు కదా. ఇకమీద మిల్లులో నేసిన పేము పలకలు తెప్పించి, చట్రానికి గాడి తీసి అందులో అంటిద్దాం. లూర్దెస్‌కి ఈ నెలాఖరు ఆఖరు. నువ్వు డార్విన్ వెళ్ళి ఫోటోలు తీసి ఒక పేజీ రాసివ్వు. అల్లిక లోపం అని. బ్రెజిల్‌కీ అదే పంపుతా."

"ఆమెకి చెప్పారా?"

"నీ పేజీ వచ్చాక చెబుతా."

నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది ఊరట. అల్లిక లోపమైతే ఇసుక తప్పు కాదు, ఇసుక తప్పు కాకపోతే నా తప్పు కాదు. షెడ్డులోకి వచ్చాను. లూర్దెస్ తడి పేము నోట్లో పట్టుకుని అల్లుకుంటోంది. నన్ను చూసి కనుబొమలెగరేసింది. నేను స్టోర్ రూములోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా, సంచులు లెక్కపెట్టాను.

డార్విన్

వానలు మొదలవబోయే రోజులు. విమానం దిగగానే తడి దుప్పటి కప్పినట్టయింది. క్లినిక్ లోపల ఏసీ చల్లగా ఉంది, తలుపు తెరిచినప్పుడల్లా బయటి తేమ లోపలికి తోసుకొస్తోంది. తలుపు ప్రతి రెండు మూడు నిమిషాలకీ తెరుచుకుంటోంది.

డాక్టరుగారు చిన్నగా, చురుగ్గా ఉన్నారు. "వచ్చావా అమ్మాయ్. చూసుకో. పేషెంట్లు నీకు అడ్డం రారు, నువ్వు వాళ్ళకి అడ్డం రాకు" అని లోపలికి వెళ్ళిపోయారు.

తెగిన ఏడూ వెనక గదిలో పెట్టారు. ఒక్కొక్కటీ బోర్లించాను. ఏడూ ముందు కమ్మీ దగ్గరే తెగాయి, అంటే చట్రం ముందువైపు అడ్డచెక్క దగ్గర, తొడ ఆనే చోట. గుంజితే తెగిన పేము చివర పీచులు పీచులుగా లేస్తుంది. ఇవి అలా లేవు. చివర పల్చగా, నున్నగా అరిగిపోయి ఉంది. మిగతా అల్లిక అంతా బిగువుగా, ఒకే తీరుగా ఉంది. ముందు కమ్మీ బెజ్జం లోపల గోరు పెట్టి గీరి చూశాను. గోరు పట్టుకుంది. బెజ్జం అంచు కత్తిలా ఉంది. కార్ఖానాలో ఆ అంచును గుండ్రంగా రుద్దాలి, రుద్దలేదు. చట్రాలు వచ్చిన రోజు నేను నాలుగు చోట్ల సూదులు గుచ్చి తేమ రాసుకున్నాను. బెజ్జంలో వేలు పెట్టలేదు.

అయినా ఇసుక కింద ఎందుకు తెగలేదు? వేచి ఉండే గదిలోకి వచ్చి, తెగని కుర్చీలో కూర్చుని, నోటుబుక్కు తెరిచాను. ఎదురుగా ఉన్న ఆవిడ గంటలో ముప్పై ఒక్కసార్లు కదిలింది. పేరు పిలుస్తారేమోనని ముందుకి జరుగుతుంది, పిలవకపోతే వెనక్కి వాలుతుంది. పిల్లల తల్లి ఒకామె యాభై దాటింది. డాక్టరు కోసం ఎదురుచూసే మనిషి కుదురుగా కూర్చోడు. అది తెలియడానికి నేను నాలుగు గంటలు విమానంలో రావాల్సి వచ్చింది.

గోడకి ఆనుకుని ఆ పెద్దాయన నిలబడి ఉన్నాడు. కాలికి కట్టు. నన్ను చూసి, "కుర్చీలవాళ్ళ మనిషివా?" అన్నాడు.

"అవును. మిమ్మల్ని పడేసిన కుర్చీ నాదే. క్షమించండి."

"నో డ్రామా, లవ్. ఏం ఫరవాలేదు. దేంతో పరీక్ష చేశారేంటి?"

"ఇసుక సంచులతో."

ఆయన నవ్వాడు. "నా పీతల బోను తాడు ఎప్పుడూ పడవ అంచుకి రాసుకున్న చోటే తెగుతుంది. బోను వేలాడే చోట ఒక్కసారీ తెగలేదు."

అది రాసుకుంటున్నాను. ఎప్పట్లాగే కాలు ఊగుతోంది. కింద 'టిక్' మని వినబడింది. ఇంకోటి. నేను లేచేలోపు కుడి తొడ కింద అల్లిక జారిపోయి, పెన్నూ పుస్తకంతో సహా నేను చట్రంలోకి దిగిపోయాను. గోడ దగ్గర పెద్దాయనే మొదట వచ్చి చేయి ఇచ్చాడు. పైకి లాగుతూ, "ఎనిమిదోది" అన్నాడు.

తలుపు దగ్గర డాక్టరుగారు నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, నువ్వు బాగుచేయడానికొచ్చావా, మిగిలినవి విరగ్గొట్టడానికొచ్చావా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా కాలు మూడు పూటలు షెడ్డులో ఊగి ఉంటే ఆ 'టిక్' కేరమ్ డౌన్స్‌లోనే వినబడేది.

ఒక పేజీ

తిరుగు విమానంలో రాశాను. నాలుగే వాక్యాలు. అల్లికలో లోపం లేదు. ముందు కమ్మీ బెజ్జాల అంచు పదునుగా ఉంది, సరుకు దిగిన రోజే నేను చూడవలసింది, చూడలేదు. మనిషి కదులుతాడన్న సంగతి నేను పెట్టిన పరీక్షలో లేదు. ఆ మాట లూర్దెస్ ముందే చెప్పింది, నేను వినలేదు.

గ్రెగ్ రెండుసార్లు చదివాడు. "రెండో వాక్యం చాలు కదా పాడ్స్. తప్పు కార్ఖానాదే అవుతుంది. చివరి రెండూ తీసేద్దామా? ఇది బ్రెజిల్ దాకా వెళ్తుంది. నీ పేరుంటుంది."

"అవి తీస్తే రేపు ఇంకో డిజైన్‌కి మళ్ళీ సంచులే పెడతాం."

"లూర్దెస్ మళ్ళీ రోజుల తరబడి భోజనాలంటుంది."

"అననివ్వండి."

అతను కిటికీలోంచి షెడ్డులోకి చూశాడు. చాలాసేపు చూశాడు, గ్రెగ్‌కి చాలాసేపు అంటే ఒక నిమిషం. తర్వాత పేజీని అలాగే పంపాడు. లూర్దెస్ ఉండిపోయింది. ఆర్నెల్లపాటు నా పాస్ ఒక్కటే చెల్లలేదు, ఆమె ముడి కూడా ఉండాలన్నాడు. అది సరైన శిక్షే.

ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పిందనుకుంటున్నారేమో. పేజీ తనకి చదివి వినిపిస్తే, మూడు వారాలు నాతో మాట్లాడలేదు. "ఇసుక పెట్టినందుకు కాదు," అంది తర్వాత. "దారం లేదని చూసి కూడా ఎక్కించావు." లారీ దగ్గర ఆమె నన్ను చూస్తూనే ఉందట.

కుర్చీలు రెండు విడతలుగా వెనక్కి వచ్చాయి. ప్రతి బెజ్జం అంచునూ సన్నటి ఆకురాయితో, తర్వాత ఉప్పుకాగితంతో నేనే రుద్దాను. ఒక్కో కుర్చీకి డెబ్బై రెండు బెజ్జాలు. ఆమె కొత్తగా అల్లింది. ఎనిమిదేసి భోజనాలు. నాలుగు నెలలు పట్టింది. డాక్టరుగారు ఇరవై మూడే తీసుకున్నారు. "నీ కింద విరిగింది నువ్వే ఉంచుకో, గుర్తుంటుంది" అన్నారు. కొన్నాళ్ళకి ఒక్క వాక్యం మెసేజ్ పెట్టారు: పెద్దాయన ఇవాళ కూర్చున్నాడు.

దారం

ఆ ఇరవై నాలుగో చట్రం సీటు లేకుండా షెడ్డు మూల అయిదేళ్ళు ఉంది. కుర్చీలు బోర్లించి బోర్లించి నా కుడి భుజం అరిగింది, మా ఇంటి దగ్గర డాక్టరు ఇక చాలన్నాడు. నా ఆఖరి రోజున లూర్దెస్ ఆ కుర్చీ తెచ్చి నా ముందు పెట్టింది. సీటు అల్లి ఉంది. దాని మీద ఎర్ర దారం చుట్ట, ముడి వేయనిది.

"ఎనిమిది అయ్యాక నువ్వే కట్టు" అంది.

నాలుగు నెలలుగా కుదిరినప్పుడల్లా మధ్యాహ్నం ఆ కుర్చీలోనే తింటున్నాను. ఎనిమిది అయ్యాయి. దారం తీశాను, మళ్ళీ డ్రాయర్లో పెట్టేశాను. పదహారు అయ్యాయి. ముందు కమ్మీ కింద వేలు పెట్టి చూస్తాను, బాగానే ఉంటుంది, కట్టబుద్ధి కాదు. పాస్ అని రాయడమంటే నాకింకా భయమే. మొన్న లూర్దెస్ ఫోన్ చేసింది.

"కట్టావా?"

"ఇంకా లేదు."

"ఎన్నయ్యాయి?"

"నలభై ఆరు."

"ఎవరెవరు?"

"ఎవరెవరేమిటి? నేనే."

అవతల దగ్గుతో కలిసిన నవ్వు. "పద్మా, మా ఇంట్లో ఎనిమిది మందిమి. నాన్న బరువు, తాత కుంటి, చెల్లి నీలాగా. ఒక్కొక్కరూ ఒక పూట. అమ్మ అందుకే ఎనిమిది అనేది. నలభై ఆరు కాదు. నీకైంది ఒకటి."

ఫోన్ పెట్టేసి పాత నోటుబుక్కులు తీశాను. కుర్చీ నంబరు ఉంది. భోజనాల సంఖ్య ఉంది. ఎవరు కూర్చున్నారన్న గడి పదకొండేళ్ళలో ఒక్క పేజీలోనూ లేదు. 'అది కాదు, ఇది' అని ఆమె అరిచింది, లారీ డ్రైవర్లను లాక్కొచ్చింది, పక్క షెడ్డు టైల్స్‌వాళ్ళను పిలిచింది. అంతా నా కళ్ళ ముందే. నేను మర్యాద అనుకుంటూ సంఖ్య వేసుకున్నాను. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఇదే. ఏ అంకె మీ చేతికిచ్చినా, అది దేన్ని లెక్కపెడుతోందో ఇచ్చినవాళ్ళనే అడగండి. నాకు తెలియడానికి రిటైరవ్వాల్సి వచ్చింది, అది కూడా నేను అడిగి తెలుసుకున్నది కాదు.

ఈ ఆదివారం ఇంట్లో భోజనాలు. మా ఆయన ఉన్నారు, ఇంకా ఆరుగురు కావాలి. లూర్దెస్ వస్తానంది. డార్విన్ డాక్టరుగారు ఈ వారం పని మీద మెల్బోర్న్ వచ్చి ఉన్నారు, ఆవిడా వస్తున్నారు. గ్రెగ్ నలుగురిలో ఉంటే పది నిమిషాలు ఒక్కచోట ఆగలేడు, అతన్ని తప్పకుండా రమ్మన్నాను. గుడి దగ్గర ఆ బ్రాండెడ్ బ్యాగు ఆంటీని కూడా పిలిచాను. ఇంకా ఇద్దరు తక్కువ. కుర్చీ ఒక్కటే, వంతులవారీగా తినాలి. కుదురుగా కూర్చునేవాళ్ళు రానక్కర్లేదని ముందే చెప్పేశాను.